ప్లేడే నాడు మూడు గంటలకు

"మైకు లేకపోతే నేనెందుకు సదన్నా?" అని మల్లక్క అడిగినప్పుడు నా నోట్లో మిర్చి బజ్జీ ఉంది. అందుకని వెంటనే జవాబు చెప్పలేకపోయాను. బజ్జీ లేకున్నా చెప్పగలిగేవాణ్ని కాదు. ఆ సోమవారం పొద్దున ఠాణా మొత్తం తల దించుకొని పని చేస్తున్నట్టు నటిస్తోంది. హెడ్ కానిస్టేబుల్ సదయ్య అనే నేను కూడా అదే పనిలో ఉన్నాను.

మల్లక్క మా ఠాణా కానిస్టేబుల్. గోదావరిఖనిలో ఆమె ముఖం తెలియనివాళ్లు ఉండొచ్చు గానీ గొంతు తెలియనివాళ్లు లేరు. జీపుకు మైకు కట్టుకొని కాలనీలన్నీ తిరుగుతుంది. కాలువ దగ్గరికి పిల్లల్ని పంపొద్దని, హెల్మెట్ పెట్టుకోమని, ఓపెన్ కాస్టు గనిలో పేలుడు ఉన్న రోజు కిటికీలు తీసి పెట్టుకోమని చెబుతుంది. చెప్పే తీరే వేరు. "ఓటీపీ అడిగినోనికి మీ అత్త నంబరియ్యుండ్రి, వాడే ఫోన్ పెట్టేస్తడు" అంటే అత్తలు కూడా నవ్వుతారు. మోసపు ఫోన్లకు చిక్కేవాళ్లు మా ఏరియాలో దాదాపు లేకుండా పోయారు. ఆ మంచిపేరు ఏసీపీ సారు తన ఖాతాలో వేసుకున్నారు, సంపాదించింది మాత్రం ఈమె.

అలాంటి మనిషి చేతిలోంచి ఆదివారం సాయంత్రం మైకు తీసేయించారు. సోమవారం సాయంత్రానికి రిపోర్టు కావాలన్నారు. అందులో ఏం తేలాలో కూడా సారుకు ముందే తెలుసు. ఆ మాట పేరు సస్పెన్షన్.

జరిగిందేమిటంటే, శనివారం పొద్దుగూకే వేళ పంప్‌హౌస్ లైను అనే ఇళ్ల వరస వాట్సాప్ గ్రూపులోకి మల్లక్క గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. "అక్కలారా, అవ్వలారా, మీ మల్లక్కను మాట్లాడుతున్న. ప్లేడే నాడు మూడు గంటలకు పెద్ద బ్లాస్టింగు ఉన్నది. గ్యాసు బందు పెట్టుండ్రి. ఇండ్లకు తాళాలేసుకొని పిల్లాజెల్లతోని గ్రౌండుకు రావాలె." పంపిన నంబరు పెద్దపల్లి సంతలో ఎవరో పోగొట్టుకున్న ఫోనుది. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

బయటివాళ్లకు ఇక్కడొక మాట చెప్పాలి. బొగ్గుబాయి మనుషులకు ఆదివారం లేదు, ప్లేడే ఉంది. ఏ దొర పెట్టి పోయిన పేరో గానీ, గనులకు వారం సెలవు ప్లేడే. దానికీ ఆటలకూ ఏ సంబంధమూ లేదు. ఆ రోజు డ్యూటీ పడితే రెండింతల జీతం కాబట్టి మా దగ్గర సెలవు దొరికిందని ఎవరూ సంబరపడరు, ప్లేడే డ్యూటీ దొరికిందని సంబరపడతారు. మా పిల్లలు బడిలో ఆదివారం అని చదువుతారు, ఇంటికొచ్చి ప్లేడే అంటారు.

ప్లేడే నాడు గనిలో పేలుళ్లు ఉండవని కూడా ఇక్కడ అందరికీ తెలుసు. అయినా ఆదివారం మూడు గంటలకు పంప్‌హౌస్ లైను మొత్తం తాళాలు వేసుకొని మార్చి ఎండలో గ్రౌండులో కూర్చుంది. చెప్పింది మల్లక్క కదా మరి. నేనూ ఆ లైనువాణ్నే. మా ఆవిడ యమున బియ్యప్పిండి సర్వప్పలు డబ్బాలో పెట్టుకొస్తే పోలీసునై ఉండి కూడా ఇద్దరం తుండు పరుచుకొని కూర్చొని తిన్నాం. పేలుడు లేదు, పొగ లేదు. ఇళ్లకు తిరిగొస్తే తాళాలు వేసినవి వేసినట్టే ఉన్నాయి, ఎవరింట్లోనూ చెంచా కూడా పోలేదు. మొదట అందరూ నవ్వారు. ఎండకు లైను పెద్దావిడ పోశవ్వ కళ్లు తిరిగి పడిపోయేసరికి నవ్వు ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే ఫోను పట్టుకొని జగదీశ్వర్ వచ్చాడు. ఊళ్లో యూట్యూబ్ న్యూస్ ఛానల్ నడుపుతాడు. పోలీసులకంటే ముందు తానే జనానికి చెప్పాలనేది అతని పట్టుదల, నిజమా కాదా అనేది తర్వాతి ముచ్చట. పోశవ్వను, సోడా సీసాను, చెమటలు కక్కే నన్ను వీడియో తీసుకున్నాడు. రేపు సాయంత్రం బులెటిన్‌లో మల్లక్క బండారం బయటపెడతానని చెప్పి వెళ్లాడు. ఏసీపీ సారుకు భయం పట్టుకున్నది అప్పుడే. గ్రూపులో ఎవరూ మాట్లాడకుండా తాళం వేయించింది కూడా అప్పుడే.

ఎస్సై తస్లీమా మేడమ్ రాగానే మల్లక్కను ఎదురుగా కూర్చోబెట్టింది. మేడమ్ ఈ ఊరి పిల్లే. నాన్న గనిలో బొగ్గు నింపిన మనిషి. ఆమెకు కోపం వస్తే గొంతు పెరగదు, మర్యాద పెరుగుతుంది. గారు అని పిలిచిందంటే అవతలివాడికి మూడినట్టే. మల్లక్కను అక్కా అనే పిలవడం చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది.

"ఈ మాటలు నీవేనా అక్కా?"

"నావే మేడమ్. కాని నేననలే."

"ఎట్ల?"

"ఒక్కొక్క మాట నాదే. అన్ని గలిపి ఎన్నడు అనలే. ప్లేడే నాడు బ్లాస్టింగని నేనంటనా? మా ఆయన గనిల మందు పేల్చే షాట్‌ఫైరరు. ఇంట్ల అడుగువెట్టనిస్తడా?"

మేడమ్ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని కళ్లు మూసుకుంది. మెసేజ్ మళ్లీ మళ్లీ వింటూ వేలితో బల్ల మీద కొడుతోంది. నాకు ఓపిక నశించి ఇంకో బజ్జీ తీసుకునే సమయానికి కళ్లు తెరిచి, మెసేజ్ స్పీకర్లో పెట్టింది. మాటల్ని వదిలేసి మాటల వెనక వినమంది.

విన్నాను. 'ప్లేడే నాడు' అన్నప్పుడు వెనకాల గని సైరన్ మొదలవుతుంది, మొదలైనంతలోనే మాయమైపోతుంది. 'మూడు గంటలకు' వెనక వినాయకుడి బ్యాండు ఉంది. 'గ్యాసు బందు పెట్టుండ్రి' వెనక వాన చప్పుడు. ఒక్క మెసేజ్‌లో వాన, పండుగ, సైరన్ అన్నీ ఉన్నాయి.

"సైరన్ మొదలైతే నువ్వేం చేస్తవ్ అక్కా?" అని మేడమ్ అడిగింది.

"ఆగుత. సైరన్ మీద మాట్లాడితే ఎవనికి ఇనొస్తది? అది ఆగేదాక ఆగి, మల్ల మొదలువెడుత."

ఆ సంగతి నాకూ తెలుసు. మైకు పట్టుకొని సైరన్ ఆగేదాకా ఆకాశంలోకి చూస్తూ నిలబడే మల్లక్కను చూసి నేనే ఎన్నోసార్లు నవ్వాను. మెసేజ్‌లో మనిషి ఆగలేదు. అంటే ఆమె పాత మాటల్ని కత్తిరించి బొంత కుట్టినట్టు కుట్టారన్నమాట. నేను సంతోషంతో లేచి నిలబడ్డాను. మేడమ్ కూర్చోమంది. కుట్టారని మనకు తెలిస్తే చాలదు, ఎవరు కుట్టారో చెప్పకపోతే ఏసీపీ సారు ఒప్పుకోరు. పైగా ఏమీ దొంగతనం చేయకుండా లైను మొత్తాన్ని ఎండలో కూర్చోబెట్టే దొంగ ఎవడుంటాడన్నది ఆమె అనుమానం.

అది తేల్చుకోవడానికి ఇద్దరం పంప్‌హౌస్ లైనుకు వెళ్లాం.

లైనులో పెళ్లి కళ ఉంది. ఫక్రున్నీసా అక్క కూతురు నిఖా బుధవారం. ఇంటి ముందు షామియానా గుంజలు పాతుతున్నారు. పెళ్లి ఒక ఇంట్లోనే అయినా లైను ఆడవాళ్లంతా శనివారమే బ్యాంకు లాకర్ల నుంచి నగలు తెచ్చుకున్నారు. మా యమున కూడా తెచ్చుకుంది, ఏ హారం వేసుకోవాలో తేలక రెండు రోజులుగా నా ప్రాణం తీస్తోంది. మేడమ్ తాళాలు చూసింది, కిటికీలు చూసింది, వెనక పెరటి తలుపులు చూసింది. ఎక్కడా గీత కూడా లేదు. చివరికి లైను మూలన స్తంభం మీదున్న మా ఠాణా కెమెరా కింద ఆగి తలెత్తి చూసింది.

కెమెరా లైనును చూడటం లేదు. పక్కనున్న వేపచెట్టును చూస్తోంది.

కోతుల పని అన్నాను. మా దగ్గర ఏది జరిగినా కోతుల మీదికి నెట్టేయడం అలవాటు. మేడమ్ నన్ను నిచ్చెన ఎక్కమంది. నా ఒళ్లు చూసి నిచ్చెన పట్టుకున్నవాడు భయపడ్డాడు గానీ ఎక్కాను. కెమెరా మెడ దగ్గర మర గట్టిగా బిగించి ఉంది.

"కోతి మెడ తిప్పుతది సదన్నా. తిప్పినంక మర బిగిస్తదా?"

ఠాణాకు ఫోన్ చేసి రికార్డింగు చూడమన్నాం. ఆదివారం లైను జనం తాళాలు వేసుకొని పోవడం, తిరిగి రావడం అన్నీ శుభ్రంగా పడ్డాయి. బొమ్మ వేపచెట్టు వైపు తిరిగింది మాత్రం ఈ రోజు తెల్లవారుజామున, పాలవాడు వచ్చిపోయిన కాసేపటికి. ఆదివారం దొంగతనానికి వచ్చినవాడైతే కెమెరాను శనివారం రాత్రి తిప్పాలి గానీ, అంతా అయిపోయాక సోమవారం తెల్లారి ఎందుకు తిప్పుతాడు?

నేను కెమెరాను సరిగ్గా తిప్పబోతే మేడమ్ వద్దంది. దాన్ని వేపచెట్టునే చూస్తూ ఉండనిమ్మంది.

"పని అయిపోలే సదన్నా. ఇంక కావాల్సే ఉన్నది. ఎప్పుడో తెలిస్తే సాలు."

మల్లక్క మాటలు అన్నన్ని దొరికే చోటు ఊళ్లో ఒక్కటే ఉంది. జగదీశ్వర్ ఛానల్లో ప్రతి వారం 'మల్లక్క ముచ్చట' అని ఆమె మైకు మాటలు వేస్తాడు. బొగ్గు బెల్టు మొత్తం, గోలేటి నుంచి బసంత్‌నగర్ దాకా చూస్తుంది. వాటి మీద పేరు, ప్రకటనలు సంపాదించుకున్న మనిషే ఈ రోజు ఆమెను బజారుకీడుస్తానంటున్నాడు. టైర్ల షాపు మీద అతని స్టూడియో. మెట్లెక్కుతుంటే నాకు చేతులు దురద పెట్టాయి.

మేడమ్ మర్యాద మొదలుపెట్టింది. "జగదీశ్వర్ గారూ, మల్లక్క పాత రికార్డింగులు మాకు కావాలండి" అంది. నేను లోపలే సంతోషించాను.

ఇవ్వనన్నాడు. పత్రికా స్వేచ్ఛ అన్నాడు. పోలీసులు జనానికి ఏది చెబితే అది నమ్మే కాలం పోయిందని, ఇప్పుడు జనానికి సమాచారం ఇచ్చేది తనలాంటివాళ్లని ఉపన్యాసం ఇచ్చాడు. నిన్నటి వీడియో ఫోన్లో చూపించాడు. అందులో పోశవ్వ కంటే నేనే ఎక్కువ కనిపిస్తున్నాను, చేతిలో సర్వప్పతో. ఎడిటరు వచ్చి కత్తిరించాక సాయంత్రం చూడండి అన్నాడు.

"జనానికి చెప్పేముందు ఆమెను ఒక్క మాట అడిగిండ్రా?"

"అడిగితే న్యూసు ఏముంటది మేడమ్?"

ఆ జవాబుకు మేడమ్ మర్యాద ఇంకో మెట్టు ఎక్కేదే గానీ, అప్పుడే ఆ ఎడిటరు వచ్చాడు. పేరు సుహాస్. హైదరాబాదు కుర్రాడు, ఉద్యోగంలో చేరి రెండు నెలలు కూడా కాలేదు. పక్క సంపాదనకు పెళ్లి వీడియోలు తీస్తాడు. శనివారం రాత్రి మంథనిలో ఒక పెళ్లికి పోయి ఈ రోజు తెల్లవారుజామున మొదటి బస్సుకు వచ్చి గదిలో నిద్రపోయి ఇప్పుడే లేచొచ్చాడట. భుజాన కెమెరా సంచి ఉంది, కళ్ల కింద వాపు ఉంది. మమ్మల్ని చూసి కాస్త తడబడ్డాడు గానీ నమస్కారం బాగానే పెట్టాడు. ఫక్రున్నీసా అక్క ఇంటి పెళ్లి వీడియో కూడా అతనిదే. శుక్రవారం లైనుకు వచ్చి, ఆడవాళ్లు లాకర్ల గురించి మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్యలోనే కెమెరా పట్టుకొని తిరిగాడు. అది నాకు గుర్తొచ్చింది. మేడమ్‌కు నాకంటే ముందే గుర్తొచ్చి ఉంటుంది.

రికార్డింగుల మాట ఇక ఎత్తలేదామె. పెళ్లిళ్ల సీజను ఎలా ఉందని, మంథనిలో ఎండలు ఎలా ఉన్నాయని అడిగింది. ఏదో తోచక అడిగినట్టుగా ఇంకో మాట అడిగింది.

"ప్లేడే నాడు ఎక్కడున్నరు మీరు?"

"ఇంకా అవ్వలేదు కదా మేడమ్" అన్నాడు సుహాస్. "ఇవాళే కదా. మధ్యాహ్నం గ్రౌండ్‌లోనే ఉంటాను, షూట్ ఉంది."

మేడమ్ మంచిది అంది.  ఇవాళ సోమవారం. ఇవాళ గ్రౌండులో ఉన్నది కంపెనీ వార్షిక ఆటల పోటీలు. ఊరంతా పోస్టర్లు ఉన్నాయి. బొగ్గుబాయిలో పుట్టి పెరిగిన ఏ మనిషీ ఆటల పోటీలను ప్లేడే అనడు. ఇంగ్లీషు మాటను విని దానికి బడి అర్థం చెప్పుకున్న బయటివాడే అంటాడు. మల్లక్క ఎప్పుడో 'ప్లేడే నాడు గ్రౌండు కాడ బండ్లు పెట్టకుండ్రి' అని చెప్పిన మాట అతని చేతిలో పడింది. ఆటల రోజు సగం లైను ఎలాగూ గ్రౌండులో ఉంటుంది, మిగతా సగాన్ని పేలుడు పేరుతో బయటికి లాగాలని అతని లెక్క. లెక్క బాగానే ఉంది, రోజే తప్పింది. అతను సోమవారం ఖాళీ చేయమంటే లైను ఆదివారమే ఖాళీ చేసి కూర్చుంది. పెళ్లి పనిలో మంథనిలో ఉన్నవాడికి ఆ సంగతి ఇంకా తెలియదు.

తెలిసే ప్రమాదం మాత్రం పక్కనే ఉంది. జగదీశ్వర్ ఫోన్లో నిన్నటి వీడియో ఉంది. ఇంకాసేపట్లో దాన్ని కత్తిరించమని సుహాస్‌కే ఇస్తాడు.

మేడమ్ లేచి, జగదీశ్వర్‌ను పక్కకు పిలిచి, మల్లక్క మీద చర్య తీసుకునే ముందు ఎవరికీ ఇవ్వని ఇంటర్వ్యూ ఒకటి ఇస్తానంది. షరతు ఒక్కటే, ఇప్పుడే రావాలి, ఫోను తప్ప ఏమీ తేకూడదు. ఎక్స్‌క్లూజివ్ అనే మాట వినగానే అతను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా మా ముందే మెట్లు దిగాడు. జీపులో కూర్చున్నాక ఫోను నా జేబులోకి వచ్చింది. అతని స్వేచ్ఛ మూడు గంటల దాకా వాయిదా పడింది.

అసలు కష్టం ఇప్పుడు మొదలైంది. మూడు గంటలకు లైను ఖాళీగా కనిపించాలి, కానీ ఖాళీగా ఉండకూడదు. గ్రూపులో పెట్టడానికి లేదు, పెళ్లి పేరుతో సుహాస్ కూడా అందులో చేరాడు. జీపు మైకుతో చెప్పడానికి అసలే లేదు. మల్లక్క ఇల్లిల్లూ తిరిగి చెవిలో చెప్పాలి. పుట్టాక ఆమె గుసగుసగా మాట్లాడటం ఎవరూ వినలేదు. దానికంటే పెద్ద సందేహం ఇంకోటి ఉంది. నిన్న ఎండలో కూర్చోబెట్టిన గొంతు ఈ రోజు మళ్లీ వచ్చి మూడు గంటలు అంటే ఎవరైనా నమ్ముతారా? పోశవ్వ గడప దగ్గర మల్లక్క కాళ్లు ఆగిపోయాయి. వెనకే ఉన్న నేను ముందుకొచ్చి తలుపు తట్టాను.

పోశవ్వ మంచంలో నిమ్మరసం తాగుతోంది. చెప్పిందంతా విని గ్లాసు కింద పెట్టింది.

"నిన్న నీ గొంతిని పోయిన బిడ్డా. ఇయ్యాల నీ మొకం జూసి జేస్త. ఏం జెయ్యాల్నో చెప్పు."

మల్లక్క ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, అది నిజం. పోశవ్వ మాట లైనంతా పాకడానికి చాయ్ కాగినంత సేపు కూడా పట్టలేదు. మగవాళ్లంతా చప్పుడు చేసుకుంటూ గ్రౌండుకు పోయారు. ఆడవాళ్లు ముందు తలుపులకు బయట తాళాలు వేసి, పెరటి దారిన ఫక్రున్నీసా అక్క ఇంట్లోకి చేరారు. సుహాస్ లోపలిదాకా చూసిన పెళ్లి ఇల్లు అదే, మొదట అక్కడికే వస్తాడని మేడమ్ లెక్క. ఆమె మేడమ్‌ను బేటీ అని దగ్గరికి తీసుకొని, నగల బీరువా ముందు చాప పరిచి అందరికీ చోటు చూపించింది. జగదీశ్వర్‌ను వాళ్ల మధ్యలో కూర్చోబెట్టాం. ఒక పక్క పోశవ్వ, ఇంకో పక్క మా యమున.

ఆ గదిలో ఆ కాసేపు ఉన్న నిశ్శబ్దం గురించి నేను ఎక్కడ చెప్పినా ఎవరూ నమ్మరు. పంప్‌హౌస్ లైను ఆడవాళ్లంతా ఒక్క చోట కూర్చొని నోరు మెదపకుండా ఉన్నారు. ఒకామె ముంజేతి గాజులు కొంగుతో చుట్టి పట్టుకుంది. యమున హారం సంగతి నన్ను సైగలతో అడుగుతోంది. జగదీశ్వర్ తుమ్మబోతే పోశవ్వ అరచేత్తో అతని ముక్కు మూసింది.

మూడు దాటింది. బయట బండి ఆగిన చప్పుడైంది. గేటు కిర్రుమంది. తాళం మీద ఇనుప కత్తెర పడిన చప్పుడు వచ్చింది, టక్కుమని తాళం తెగి కింద పడింది. తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో సుహాస్ ఉన్నాడు. వెనకాల హెల్మెట్ పెట్టుకున్న ఇంకొకడు కత్తెరతో ఉన్నాడు. ఎదురుగా చాప మీద లైను ఆడవాళ్లంతా వాళ్లనే చూస్తూ కూర్చున్నారు. ముందు వరసలో మల్లక్క.

"రా నాయినా, కూసో" అంది మల్లక్క. "ప్లేడే అంటే ఏందో చెప్తం."

అప్పటిదాకా బిగబట్టుకున్న నవ్వంతా ఒక్కసారి బయటపడింది. గని పేలుడుకు అదరని గోడలు ఆ నవ్వుకు అదిరాయి. సుహాస్ నిలబడ్డచోటే నీరుగారిపోయాడు. హెల్మెట్‌వాడు వాకిట్లోకి పరుగెత్తాడు గానీ వెనకే నేనున్నాను. నేను చేసిన సాహసం పెద్దదేమీ కాదు, అతను షామియానా తాడు తట్టుకొని పడ్డాక మీద కూర్చున్నానంతే. లేవడం అతని వల్ల కాలేదు. నావల్ల కూడా కాస్త ఆలస్యమే అయింది.

జగదీశ్వర్ ముఖం చూడాలి. తన ఎడిటరు, తన కంప్యూటరు, తన 'మల్లక్క ముచ్చట'. మల్లక్క ముందుకొచ్చి, అక్కా, ఒక్క మాట చెప్పవా, అని ఫోను కోసం జేబులు తడుముకున్నాడు. ఫోను నా దగ్గర ఉంది. ఇవ్వనా అని మల్లక్కను అడిగాను. సాయంత్రం దాకా ఉంచుకోమంది.

షర్బత్ వచ్చింది, మిఠాయి వచ్చింది. ఎవరో పెళ్లి డోలక్ కూడా తీశారు. ఆ సంబరంలో మేడమ్ ఒక్కతే నవ్వడం లేదు. బేడీలతో కూర్చున్న సుహాస్‌ను చూస్తోంది. అతను ఆమెను చూడటం లేదు, గోడ మీది గడియారాన్ని చూస్తున్నాడు. మాటిమాటికీ చూస్తున్నాడు.

"సుహాస్ గారూ" అంది మేడమ్. డోలక్ ఆగిపోయింది. "ఇసొంటి మెసేజ్‌లు ఇంకెన్ని కుట్టిండ్రండి?"

జవాబు ఫోనులోంచి వచ్చింది. మేడమ్ ఫోను మోగింది, అవతల గోలేటి ఠాణా ఎస్సై. అక్కడి కాలనీ గ్రూపులోకి మధ్యాహ్నం మల్లక్క గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ వచ్చిందట. ఇయ్యాల నాలుగు గంటలకు పెద్ద బ్లాస్టింగు, తాళాలేసుకొని గ్రౌండుకు రావాలె. తమకు తెలియని బ్లాస్టింగు మీ మల్లక్కకు ఎలా తెలిసిందని అడుగుతున్నాడు. ఆపుదామని చూస్తే జనం వినడం లేదట. మల్లక్క స్వయంగా చెప్పింది, మీకేం తెలుసు అంటున్నారట. కాలనీ ఇప్పటికే సగం ఖాళీ.

ఈసారి మెసేజ్‌లో ప్లేడే లేదు, ఇయ్యాల అని ఉంది. తప్పు జరిగే అవకాశం లేదు. గోలేటి ఇక్కడికి దగ్గర కాదు, మేము వెళ్లేసరికి అంతా అయిపోతుంది. గడియారంలో నాలుగుకు కొన్ని నిమిషాలు తక్కువ ఉంది.

మేడమ్ ఆ ఎస్సైని ఫోను వాళ్ల జీపు మైకు దగ్గర పెట్టమంది. తన ఫోను మల్లక్కకు అందించింది. మల్లక్క తీసుకోలేదు.

"ఏసీపీ సారు మైకు ముట్టద్దన్నరు గద మేడమ్."

"ఇది మైకు గాదక్కా. ఫోను."

మల్లక్క కొంగు సర్దుకొని నిలబడింది. ఎప్పుడూ జీపు పక్కన నిలబడినట్టే నిలబడింది. "గోలేటి అక్కలారా, అవ్వలారా" అని మొదలుపెట్టింది.

అంతే, మా గని నాలుగు గంటల సైరన్ మొదలైంది.

మల్లక్క ఆగిపోయింది. ఫోను నోటి దగ్గరే పట్టుకొని, ఎప్పుడూ ఆకాశంలోకి చూసినట్టే ఇంటి కప్పు వైపు చూస్తోంది. సైరన్ మోగుతూనే ఉంది. అక్కడ జనం తాళాలు వేసుకొని పోతున్నారు, మాట్లాడు తల్లీ అని నేను అరవబోయాను. మేడమ్ చెయ్యెత్తి నన్ను ఆపింది. ఆ సైరన్ మొత్తం, మొదటి నుంచి చివరి దాకా, ఒక్క ముక్క తెగకుండా గోలేటి మైకులోంచి వినిపించి ఉంటుంది. పూర్తిగా ఆగాక మల్లక్క మళ్లీ మాట్లాడింది.

"ఇన్నరా? సైరన్ ఆగేదాక ఆగిన. నేను గిట్లనే ఆగుతనని మీకు ఎరికే. మీ ఫోన్ల మాట్లాడింది నేను గాదు, నా గొంతు దొంగలు ఎత్కపోయిండ్రు. ఇండ్లకు మర్లుండ్రి అక్కలారా. జల్ది మర్లుండ్రి."

 పోశవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత ఫోనులో ఎవరో ఆడమనిషి నవ్విన చప్పుడు వచ్చింది, గిది అసలు మల్లక్క అని ఒక కేక వినిపించింది, ఆ వెనక చాలా కాళ్ల పరుగు.

గోలేటి ఎస్సై గొంతు మళ్లీ వచ్చేసరికి ఆయాసపడుతున్నాడు. జనమంతా తిరిగొచ్చారట. కానీ ఒక ఇంటి తాళం అప్పటికే తెగి ఉంది, లోపల్నించి ఎవరో గడియ పెట్టుకున్నారు. ఎంతమందో తెలియదు, చేతుల్లో ఏముందో తెలియదు. కాలనీ మొత్తం ఆ ఇంటి చుట్టూ నిలబడింది.

"దూరం జరగమని చెప్తె ఒక్కలు ఇంటలేరు మేడమ్" అన్నాడతను. "మల్లక్క చెప్తెనే జరుగుతరట."

మేడమ్ బయటికి నడిచింది. పెరటి సందులో దాచిన మా జీపు తలుపు తీసి, నిన్న సాయంత్రం నుంచి గుడ్డ కప్పి ఉన్న మైకు బయటికి తీసింది. గుడ్డ నా చేతిలో పడేసి, మైకు మల్లక్క చేతిలో పెట్టింది.

"డ్యూటీ ఎక్కు అక్కా. ఫోన్ కట్ చెయ్యకు, తొవ్వంత మాట్లాడుకుంటనే రా" అంది. "బండి తియ్యి సదన్నా, గోలేటికి."